చీర ఏం రంగు?

తప్పిపోయిన ఆడమనిషిని గురించి చెప్పబోతే ప్రొద్దుటూరు బస్టాండులో మొదట అడిగేది పేరు కాదు, వయసు కాదు. చీర ఏం రంగు అని అడుగుతారు. ఆ గురువారం ఉదయం నన్నూ అదే అడిగారు. ఆ చీరను నేను చాలాసేపు పక్కన కూర్చుని చూశాను. దాని గురించి అంతకు ముందే ఇంట్లో ఒక పోట్లాట కూడా ముగించి వచ్చాను. రంగు కళ్ళముందు నిలిచే ఉంది. దాని పేరే లేదు.

పోట్లాట సంగతి ముందు చెప్పాలి.

మా అక్క పుష్పావతి నాకంటే ఏడేళ్ళు పెద్దది. ఎనభైకి దగ్గర పడుతోంది. మా బావ పోయాక, నా భార్య కూడా పోయాక, ఇద్దరికి రెండు పొయ్యిలెందుకని ప్రొద్దుటూరులో నా ఇంటికే వచ్చేసింది. గత ఏడాదిగా ఆమెకు పేర్లు జారిపోతున్నాయి. మనుషులు తెలుసు, దారులు తెలుసు, ఏది ఎంతసేపు ఉడకాలో తెలుసు. వస్తువుల పేర్లు మాత్రం సమయానికి దొరకవు. గరిటెను 'కలిపేది' అంటుంది. తాళంచెవిని 'తిప్పేది' అంటుంది. ఏదీ దొరకనప్పుడు 'అది' అంటుంది, మనకు అర్థం కాకపోతే ఇంకా గట్టిగా 'అదీ!' అంటుంది. నేను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఏదైనా చెడిపోతే దానికి కారణం ఉంటుందని, కారణం ఉంటే వెతకవచ్చని నమ్మేవాణ్ణి. దిష్టి తీయిద్దామన్న పక్కింటివాళ్ళకు దండం పెట్టి, పులివెందులకు వారానికి రెండు రోజులు వచ్చే నరాల డాక్టరు దగ్గర అక్క పేరు రాయించాను.

అక్కకు ఆ ప్రయాణం ఇష్టం లేదు. "ఆయప్ప బొమ్మలు చూపిచ్చి అడుగుతాడంట గదా. నాకు చెప్పేకి రాకపోతే పిచ్చిదని రాసేస్తాడు" అని ముందురోజంతా అంటూనే ఉంది. డాక్టర్లు అలా రాయరని నేను చెబుతూనే ఉన్నాను.

ఆ ఉదయం బీరువా తెరిచి, "ఆ చీర తీసియ్యి అబ్బీ" అంది.

"ఏ చీర?"

"అదే. ఆ రంగుది."

"ఏ రంగుదక్కా?"

"పేరు నోటికొస్తే నేనే చెప్తాను గదా! అది... మనం... అట్ల..." అంటూ కుడిచేతి వేళ్ళు ముడిచి గాలిలో ఏదో రుద్దింది.

నేను నీలంది తీశాను. పక్కకు విసిరింది. ఆకుపచ్చది తీశాను. వక్కరంగుది తీశాను. మంచం నిండాక నన్ను మోచేత్తో తోసి, అడుగునున్న చీర తానే లాగింది. "ఇదీ! ఇప్పుడు చెప్పు, దీన్నేమంటారు?"

"బూడిద రంగు."

"బూడిదా? నీ మొగం. బూడిద యాడన్నా ఇట్లుంటాదా?"

చీరను వెలుతురు వైపు తిప్పి చూశాను. ఆమె చెప్పింది నిజమే. అడుగున నీలం ఉంది. మడత తిరిగినచోట పచ్చని ఛాయ కనిపిస్తోంది. పైన నునుపైన మెరుపు. ఈ రంగుకు మా చిన్నప్పుడు ఒక పేరు ఉండేది. మా ఇంట్లో, మా వీధిలో అందరూ అనేవాళ్ళు. నాకూ తెలుసు. అది నాలుక దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఇలాంటి సమయంలో మనిషి తన అజ్ఞానాన్ని విజ్ఞానంతో కప్పుకుంటాడు. వస్తువు అర్థం మెదడులో ఒకచోట ఉంటుందని, దాని శబ్దం మరొకచోట ఉంటుందని, రెంటికీ మధ్య దారి బలహీనపడితే ఇలా అవుతుందని ఆమెకు వివరించాను.

"నీ శాస్త్రం నా నెత్తిన కొట్టు. మాట చెప్పు."

"మాట ఏదైతే ఏమక్కా? పేరు లేకపోతే రంగు పోతుందా? కట్టుకో, బస్సు పోతుంది."

అక్క కట్టుకుంది. ఇంటి నుంచి బస్టాండు దాకా నాతో మాట్లాడలేదు. ఆటో దిగుతూ ఒక్క మాట అంది: "ఆ డాక్టరు ఇదే అడుగుతాడు సూడు."

పులివెందుల బస్సు ఇంకా రాలేదు. అక్కను బెంచీ మీద కూర్చోబెట్టి, ఆమె బీపీ మాత్రలు అయిపోయిన సంగతి గుర్తొచ్చి రోడ్డు దాటి మందుల షాపుకు వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి బెంచీ మీద వేరే కుటుంబం టిఫిన్ పొట్లాలు విప్పుతోంది.

మరుగుదొడ్ల వైపు చూశాను. పులివెందుల వైపు పోయే బస్సులు ఆగేచోట చూశాను. రోడ్డు మీదికి వెళ్ళి రెండు వైపులా చూశాను. ఆ తర్వాతే నాకు భయమంటే ఏమిటో తెలిసింది. దారి తప్పినవాళ్ళను జనం మొదట అడిగేది "మీ ఇల్లెక్కడ?" అని. మా వీధి పేరు అక్క నోటికి రాదు. నా పేరు కూడా రాకపోవచ్చు. 'అది' అంటుంది. 'అదీ' అంటుంది. ఆ మాటతో ఎవరూ ఆమెను ఇంటికి చేర్చలేరు.

మైకు గదిలో భానుప్రకాష్ అనే యువకుడు కూర్చుని ఉన్నాడు. నేను ఊపిరి తీసుకునేలోగానే అడిగాడు:

"చీర ఏం రంగు సార్?"

"పేరు పుష్పావతి. పొట్టిగా ఉంటుంది. తల పూర్తిగా నెరిసి..."

"పేరు మైకులో చెప్తా సార్. కానీ పేరు నొసటన రాసుకోని తిరగరు గదా జనాలు. నెరిసిన తలలు బస్టాండు నిండా ఉండాయి. చీర ఏం రంగు?"

"బూడిద రంగు. కాదు. కొంచెం నీలం ఉంటుంది."

"బూడిదా? నీలమా?"

"నీలం కలిసిన బూడిద. మడతల్లో ఆకుపచ్చ."

"సార్, అంత పురాణం మైకులో చెప్పేకి కాదు. ఒక రంగు చెప్పండి."

"అది ఒక రంగు కాదయ్యా."

"పోనీ రెండు చెప్పండి. మూడు చెప్తే జనం జెండా అనుకుంటారు."

వెనుక నిలబడినవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. 'నీలం' అన్నాను. అనగానే అది తప్పని తెలిసింది. అప్పటికే మైకు మోగింది: "నీలం రంగు చీర కట్టుకున్న పెద్దామె పుష్పావతి గారు ఎక్కడున్నా మైకు గది దగ్గరికి రావల్ల. మీ తమ్ముడు మీకోసం చూస్తాండారు."

మన జనం సాయం చెయ్యాలనుకుంటే చేసి తీరుతారు. కొద్దిసేపట్లోనే నీలం చీర కట్టుకున్న ఒక పెద్దావిడను ఇద్దరు మనుషులు చెరొక వైపు పట్టుకుని నడిపించుకుంటూ తెచ్చారు. ఆవిడ చేతిలో కూరగాయల సంచి, నోటిలో తిట్లు.

"ఇడ్సండప్పా! నేను తప్పిపోలేదంటే వినరేంది? మాది వల్లూరు. నా బస్సు పోతాంది ఆడ!"

"మీ తమ్ముడు ఈడుండాడు గదమ్మా" అన్నాడు తెచ్చినవాడు, బహుమతి ఇస్తున్నవాడిలా నన్ను చూపించి.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నాకు తమ్ముడే లేడు. ఏం నాయనా, ఈ వయసులో కొత్తగా పుట్నావా?"

"క్షమించండమ్మా. మా అక్క చీర నీలం కాదు."

"నీలం కాకపోతే నీలమని ఏంటికి చెప్పినావు?"

న్యాయమైన ప్రశ్న. నా ముఖం చూసి ఆవిడ కోపం తగ్గించుకుంది. "సరేలే, నేనూ చూస్తా. ఏం రంగు చీర?"

అక్కడి నుంచి ఎవరిని పట్టుకున్నా అదే ప్రశ్న. టీ కొట్టతను అడిగాడు, కండక్టర్లు అడిగారు, బొరుగుల బండి దగ్గరి ఆమె అడిగింది. ఆ రంగులో ఉన్న వస్తువు ఒక్కటి చుట్టుపక్కల కనిపించినా వేలితో చూపించి 'ఇదీ' అనవచ్చుననిపించి వెతికాను. సిమెంటు గోడ కాదు. పావురం మెడ కాదు, అది మరీ మెరుస్తుంది. నీళ్ళ ట్యాంకు మూత కొంచెం దగ్గరికి వచ్చింది, కానీ దుమ్ము పట్టి ఉంది. జీవితమంతా కాంతిని గురించి పాఠం చెప్పాను. ఎరుపుకు తరంగదైర్ఘ్యం ఎంతో అడిగితే నిద్రలో కూడా చెబుతాను. బూడిద రంగుకు తరంగదైర్ఘ్యమే లేదు. ఇంద్రధనుస్సులో ఎంత వెతికినా అది దొరకదు. నాకు తెలిసిన శాస్త్రమంతా ఆ బస్టాండులో ఒక పాత చీర దగ్గర ఆగిపోయింది.

భానుప్రకాష్ జాలిపడి నన్ను సీసీ కెమెరా తెర దగ్గరికి తీసుకుపోయాడు. "సూడండి సార్, గుర్తుపడ్తారేమో." ఆ కెమెరాకు ఏం వచ్చిందో గానీ, తెర మీద ప్రతి చీరా బూడిద రంగే. ప్రొద్దుటూరు మొత్తం ఒకే చీర కట్టుకుని నడుస్తున్నట్టు కనిపించింది.

చివరికి నూర్ అహ్మద్‌కు ఫోన్ చేశాను. నా పాత స్నేహితుడు. బట్టల అంగడి కొడుకుకు అప్పగించినా రోజూ వెళ్ళి గల్లా పక్కన కూర్చుంటాడు. రంగులతోనే బతికిన మనిషి. విషయం చెప్పి, రంగును వర్ణించాను.

"నెమలికంఠమా?" అన్నాడు.

"కాదు."

"పాలపిట్ట?"

"కాదు."

"నాచు రంగు?"

"అంత పచ్చ లేదు."

"పావురాయి రంగు?"

"దగ్గరికి వచ్చావు. కానీ కాదు. పాత పేరు అది. ఏదో కాయో, గింజో."

"చింతగింజ?"

"అది గోధుమ రంగు కదా!"

"నామీద అరుస్తావేంది మామా? ఇప్పుడు అంగట్లో అందరూ ఫోన్లో బొమ్మ చూపిచ్చి ఎలిఫెంట్ గ్రే అంటారు, తీసిస్తాం. పేర్లు ఎవరికి కావల్ల? ఉండు... దానికొక పేరు ఉండాది. మా అబ్బా అంటాండె. అది... అదీ..." అతను వేళ్ళతో గల్లాపెట్టె మీద కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. "నాకూ అంటించినావు గదా మామా! ఇంక ఈరోజు నాకు అన్నం దిగదు. సరే, రంగు సంగతి వదిలిపెట్టు. పోలీసులకు చెప్పు. నేనూ వస్తాండా."

పోలీసులూ మొదట అదే అడుగుతారు. అయినా బయల్దేరాను. గేటు దగ్గర ఫోన్ మోగింది.

"సార్, నేను జువేరియాను, జమ్మలమడుగు నుంచి. అవ్వ మా ఇంట్లో ఉంది సార్."

జువేరియా అజ్మత్ బీకి మనుమరాలు. ఇంటర్ చదివేటప్పుడు భౌతికశాస్త్రంలో సందేహాలు నన్నే అడిగేది, అందుకే నా నంబరు ఆ పిల్ల దగ్గర ఉంది. అజ్మత్ బీ మా అక్కకు చిన్ననాటి స్నేహితురాలు.

"ఎలా వచ్చింది?"

"బస్సెక్కి వచ్చిందంట సార్. ఆధార్ కార్డు చూపిచ్చిందంట, ఆడోళ్ళకు ఫ్రీ గదా. మా దాదీతో మాట్లాడతాంది. మీకు చెప్పొద్దనింది. నేనే చెప్తాండా."

భానుప్రకాష్‌కు కృతజ్ఞతలు చెప్పడానికి మైకు గదికి వెళ్ళాను. "దొరికినారా సార్! శానా సంతోషం. ఇంతకీ ఏం రంగు సార్?" అన్నాడు.

"ఇంకా తెలియలేదు" అన్నాను.

జమ్మలమడుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నూర్ అహ్మద్‌కు విషయం చెప్పి ఫోను జేబులో పెట్టుకున్నాను. ఉదయం ఆ గొడవలో ఇంటికి తాళం వేశానా లేదా అన్న అనుమానం పట్టుకుంది. తాళం, గడియ, గ్యాసు అని ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటుండగా, ఎవరూ పిలవకుండానే ఆ మాట వచ్చి ఎదుట నిలబడింది.

గచ్చకాయ.

గచ్చకాయ రంగు. ముళ్ళపొదకు ముళ్ళకాయలు కాస్తాయి. లోపల రాయిలాంటి నున్నని గింజలుంటాయి. నీలమూ బూడిదా పచ్చా ఒకదానిలో ఒకటి కరిగిన రంగు వాటిది. ఆడపిల్లలు వాటితో అరుగుల మీద ఆడుకునేవాళ్ళు, బండకు రుద్ది వేడెక్కించి ఒకరికొకరు చురకలు పెట్టుకునేవాళ్ళు. మాట వెంటపడటం మానేస్తే, దారికి అడ్డంపడిన తప్పు మాటలు తొలగి అసలుది దానంతట అదే వస్తుందని ఎక్కడో చదివాను. చదివినదానికి రుజువు నా తలలోనే దొరికింది. సంతోషించవలసినవాణ్ణి. కోపం వచ్చింది. బస్టాండులో నన్ను అంతసేపు కుక్కలా తిప్పి, అవసరం తీరాక వచ్చి కూర్చుంది. నూర్ అహ్మద్‌కు మళ్ళీ ఫోన్ చేసి ఆ ఒక్క మాటే అన్నాను. "అదే! అదే!" అని అతను వేసిన కేకకు పక్క సీటాయన నావైపు తిరిగి చూశాడు.

అజ్మత్ బీ ఇల్లు మేం పుట్టిన వీధిలోనే ఉంది. అక్కడ మా నాయనకు నూలు అంగడి ఉండేది. అజ్మత్ బీ తండ్రి ఆ నూలుకు రంగులద్దేవాడు. నేను వెళ్ళేసరికి ఇద్దరూ వసారాలో చాప మీద ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో తాగేసిన టీ గ్లాసులు. అక్క ముఖం ఎర్రగా ఉంది. అజ్మత్ బీ తల రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"చెప్పకుండా వచ్చేస్తావా అక్కా?"

"చెప్తే రానిస్తావా?"

"బస్టాండంతా వెతికాను. మైకులో పిలిపించాను. ఇంతకూ ఎందుకు వచ్చావు?"

"ఇది అడిగేకి." చీర కొంగు ఎత్తి చూపించింది. "వీళ్ళ నాయన రంగులద్దేటోడు గదా. అజ్మత్‌కు తెలుస్తాదని వచ్చినా. అది తెలుసుకోకుండా నేను ఆ డాక్టరు ముందర కూర్చోను."

"తెలిసిందా?"

"యాడ తెలుస్తాది భయ్యా!" అంది అజ్మత్ బీ. "మా అబ్బా నోటెంట రోజూ వినేమాటే. వచ్చినప్పటినుంచి ఇద్దరం తలకాయలు పగలగొట్టుకుంటాండాం. నాకు రాదు, దీనికి రాదు."

నా ప్రాణం తేలికపడింది. ఒక్క క్షణంలో తీరిపోయే కష్టం. "ఇంతేనా! అక్కా, అది గ..."

"నోరు మూయ్!"

అక్క అంత గట్టిగా అరవడం నేను ఎప్పుడూ వినలేదు. చెయ్యి ఎత్తి నా ముఖానికి అడ్డంగా పెట్టింది.

"చెప్పొద్దు. ఏడాది నుంచి అన్నీ నువ్వే చెప్తాండావు. నేను నోరు తెరిసేలోపల నీ మాట తెచ్చి నా నోట్లో పెడ్తాండావు. కూడు పెట్టినట్ల. ఇది నాది. నేనే తీసుకుంటా."

"ఒక్క మాటకు ఇంత ఎందుకక్కా?"

"ఒక్క మాటే గదా. నీకు శానా ఉండాయి. రేపు డాక్టరు అడిగితే నా బదులు నువ్వు చెప్తావా?"

చాప అంచున కూర్చున్నాను.

ఆ తర్వాత గడిచిన సమయాన్ని వర్ణించడం కష్టం. ఉదయమంతా లేని మాట కోసం అల్లాడాను. ఇప్పుడు మాట ఉంది. నోటి నిండా ఉంది. దాన్ని మింగలేను, ఉమ్మలేను. అక్క "కాయ... కాయే అది..." అన్నప్పుడల్లా నా పెదవులు వాటంతటవే కదిలేవి. ఆమె అనుమానంగా చూడగానే గోడ వైపు తిరిగేవాణ్ణి. ఒకసారి అజ్మత్ బీ నీళ్ళిచ్చే మిషతో లోపలికి పిలిచి, "భయ్యా, నాకు మాత్రం చెప్పు. అల్లామీద ఒట్టు, దానికి చెప్పను" అంది గుసగుసగా.

"మీ మొహం చూస్తే తెలిసిపోతుంది" అన్నాను.

"కనీసం మొదటి అక్షరం..."

"లోపల ఏం గుసగుసలు?" అని వసారాలోంచి కేక వచ్చింది. ఇద్దరం ఖాళీ చేతులతో తిరిగి వచ్చాం.

వాళ్ళు తిన్నగా వెతికి ఉంటే దొరికేదేమో. తిన్నగా వెతకలేదు. రంగు దగ్గర మొదలుపెట్టి రంగు తొట్ల దగ్గరికి పోయేవాళ్ళు. అక్కడినుంచి తొట్టిలో పడ్డ మేకపిల్ల దగ్గరికి, ఆ మేకపిల్లను పచ్చగా ఎత్తుకొచ్చిన అజ్మత్ బీ తమ్ముడు ఇస్మాయిల్ దగ్గరికి, ఇస్మాయిల్ పెళ్ళిలో పెట్టిన కూర దగ్గరికి. పద్ధతిగా ఒక్కొక్క రంగూ కొట్టేసుకుంటూ పోతే ఎంత త్వరగా తేలిపోతుందో నాకు తెలుసు. చెప్పబోయి మానుకున్నాను. అక్క మాత్రం మాట్లాడుతూనే ఉంది. ఇంట్లో రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి. మాట తట్టనిచోట 'అది' అనేది, అజ్మత్ బీకి ఆ 'అది' ఏమిటో తెలిసేది, కథ ముందుకు పోయేది.

"నువ్వు మాత్రం తక్కువదానివా?" అంది అజ్మత్ బీ ఒకచోట. "అరుగుమీద పరపరా రుద్ది, కాలేది తెచ్చి నా చెంపకు పెట్టలే? మా అమ్మ మీ ఇంటిమీదికి కొట్లాటకు రాలే?"

"కొట్లాటకొచ్చి మజ్జిగ తాగి పోయింది గదా!"

"మజ్జిగ సంగతి కాదు. నా చెంప సంగతి చెప్పు."

"నువ్వు నా గచ్చకాయలన్నీ దొంగతనం చేసి లంగాలో కట్టుకోని పోతే, చెంపకు పెట్టక ముద్దు పెడ్తారా?"

అజ్మత్ బీ నోరు తెరుచుకుంది. నేను కదల్లేదు. తన మాట తనకే వినబడడానికి అక్కకు కొంచెం సమయం పట్టింది. మెల్లగా తల వంచి ఒళ్ళో ఉన్న కొంగును చూసుకుంది. దాన్ని బొటనవేలితో నిమిరింది.

"గచ్చకాయ రంగు" అంది. వెంటనే నావైపు తిరిగింది. "నువ్వు చెప్పలేదు గదా?"

"లేదు."

"ఆయప్ప చెప్పలేదు. నేను సాక్షి" అంది అజ్మత్ బీ.

ఆ డాక్టరు శుక్రవారం కూడా ఉంటాడని ఫోన్ చేసి తెలుసుకున్నాను. రాత్రికి అక్కడే ఉండిపోయాం. అక్క రాత్రికి అజ్మత్ బీది ఒక చీర కట్టుకుని తన చీర ఉతికి ఆరేసి, తెల్లవారాక మళ్ళీ ఆ గచ్చకాయ రంగుదే కట్టుకుంది. ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేదాకా, మధ్యమధ్య కళ్ళు మూసుకుని పెదవులు కదిలించేది. మంత్రం జపిస్తోందని ఎదుటి సీటావిడ అనుకుని ఉండాలి. ఏం జపిస్తోందో నాకు తెలుసు. జారిపోకుండా పట్టుకుంటోంది.

డాక్టర్ గుణశేఖర్ చిన్నవాడు, మర్యాదస్తుడు, రాజమండ్రి వైపునుంచి వచ్చినవాడు. బొమ్మల అట్టలు తీసి ఒక్కొక్కటే చూపించాడు.

"ఇదేమిటమ్మా?"

"ఎర్రగడ్డ."

అతని కలం ఆగింది. బొమ్మలో ఉల్లిపాయ ఉంది.

"మా వైపు ఎర్రగడ్డే అంటారండీ" అన్నాను.

"మీరు చెప్పకూడదు సార్. ఆవిడనే చెప్పనివ్వండి." ఆ మాట రెండు రోజుల్లో నేను వినడం రెండోసారి. తాళంచెవి బొమ్మకు అక్క తిప్పి చూపించింది, పేరు రాలేదు. కుర్చీ వచ్చింది. గడియారం రాలేదు. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. డాక్టరు అట్టలు పక్కన పెట్టి, ఆమెకు సులువైన ప్రశ్న వేస్తున్నాననుకుని అడిగాడు:

"పోనీ, మీరు కట్టుకున్న చీర ఏ రంగో చెప్పండి."

అక్క వెన్ను నిటారుగా అయింది. కొంగు భుజం మీద సర్దుకుంది.

"గచ్చకాయ రంగు."

"కాయ కాదమ్మా. రంగు అడుగుతున్నాను."

"రంగే చెప్పినా నాయనా."

అతను తల పంకించి కాగితం మీద ఏదో రాశాడు. తలకిందులుగానైనా చదవగలిగాను: రంగు అడిగితే కాయ పేరు చెప్పింది. నా లోపల ఏదో భగ్గుమంది. మూడు ఊళ్ళు తిరిగి, ఒక రోజంతా పోగొట్టుకుని, ఆమె తన చేతులతో తవ్వి తెచ్చుకున్న మాట అది. ఉన్న మాటల్లో సరైన మాట అదొక్కటే. దానిమీద అతను తప్పు గుర్తు పెడుతున్నాడు.

"డాక్టరు గారూ..."

"సార్, ప్లీజ్."

"నువ్వుండు అబ్బీ" అంది అక్క. తర్వాత డాక్టరు వైపు వంగింది. "గచ్చకాయ తెలీదా నీకు?"

"లేదమ్మా."

"ఎప్పుడూ సూడలేదా?"

"చూడలేదు."

"అయ్యో" అంది, నిజమైన జాలితో. ఆపైన చెప్పడం మొదలుపెట్టింది. ఊరిబయట పొద ఎట్లుంటుందో, చెయ్యి పెడితే ముళ్ళు ఎట్ల గీరుకుంటాయో, కాయ పగలగొడితే గింజలు ఎట్ల గలగలమంటాయో. మధ్యలో చాలాచోట్ల 'అది' వచ్చింది. ఆగలేదు. 'అది'ని దాటుకుని పోయింది. డాక్టరు బల్లమీద వేళ్ళు ముడిచి పరపరా రుద్ది, "ఇట్ల రుద్దితే సుర్రుమంటాది. నీకు దొరికితే ఒకసారి సూడు. ఎవరి చెంపకూ పెట్టొద్దు" అంది. ఆపైన కొంగు విప్పి అతని ముందు పరిచి, "నీలమా ఇది? కాదు. బూడిదా? కాదు. ఇంకేమంటావు మరి, చెప్పు" అని అడిగింది.

డాక్టరు ఆ గుడ్డను చాలాసేపు చూశాడు. "నా దగ్గర మాట లేదమ్మా" అన్నాడు. కలం తీసుకుని ఇందాక రాసిన వాక్యాన్ని కొట్టేశాడు. నాతో మాత్రం నిజం దాచలేదు. మందు ఇస్తానని, నోటికొచ్చే పేర్లు ముందుముందు ఇంకా తగ్గవచ్చని, ఎంత సమయం పట్టినా ఆమెనే వెతుక్కోనివ్వమని చెప్పాడు. అక్క అంతా విన్నది.

"ఇంకొన్ని చూద్దామా?" అని డాక్టరు తర్వాతి అట్ట ఎత్తాడు. దానిమీద నల్లని గొడుగు.

అక్క ముందుకు వంగింది. "వానకు..." అంది. "వానకు పట్టుకునేది... అది కాదు... దాని పేరు..." చెయ్యి తలమీదికి లేచి, అక్కడ ఏదో పట్టుకున్నట్టు ఆగిపోయింది. నేను పెదవులు బిగించి కుర్చీ చేతులు పట్టుకున్నాను. డాక్టరు కలం కింద పెట్టాడు. బయట కాంపౌండరు తర్వాతి పేషెంటు పేరు పిలిచాడు. కాసేపాగి మళ్ళీ పిలిచాడు. మా ముగ్గురిలో ఎవరమూ కదల్లేదు.